పాత భద్రప్రతుల తొలగింపు: ఆదేశపంక్తి వెనుక ఉన్న శాస్త్రం

కంప్యూటరులోని సమాచారం నశించినా చెడిపోయినా తిరిగి రాబట్టుకునేందుకు, ఒకానొక కాలబిందువు నాటి స్థితిలో, మూలానికి దూరంగా వేరొక చోట దాచి ఉంచిన నకలును భద్రప్రతి అంటాం. వాడుకలో దీనినే బ్యాకప్ అంటున్నారు. ఈ నిర్వచనంలోని ప్రతి అంశమూ అవసరమైనదే. అదే డిస్కులో మరో ఫోల్డరులో పెట్టుకున్న నకలు డిస్కుతో పాటే పోతుంది గనుక అది భద్రప్రతి కాదు. రెండు చోట్ల ఒకే స్థితిని నిలబెట్టే సమకాలీకరణ, అంటే సింక్, కూడా భద్రప్రతి కాదు. ఒక చోట పొరపాటున చెరిపిన ఫైలును అది రెండో చోట కూడా విధేయంగా చెరిపివేస్తుంది. పత్రాగారంలో, అంటే ఆర్కైవులో, దీర్ఘకాలం పదిలపరచిన ప్రతి చాలాసార్లు ఏకైక మూలమే అయి ఉంటుంది. అందుచేత దానిని ఈ చర్చలోకి తీసుకురాకూడదు.

నిల్వస్థలం పరిమితం, సమాచారం మాత్రం దినదినం పెరుగుతుంది. కాబట్టి భద్రప్రతులు తీసే ఏ వ్యవస్థ అయినా ఎప్పుడో ఒకప్పుడు పాతవాటిని తొలగించక తప్పదు. తొలగించకపోతే డిస్కు నిండి కొత్త ప్రతి తయారవడం ఆగిపోతుంది. ఆగిన సంగతి పలు సందర్భాల్లో ఎవరి దృష్టికీ రాదు. తొలగింపు గురించి మనం ఆలోచించేది సాధారణంగా డిస్కు నిండిన ఆ తొందర ఘడియలోనే. చేతికి అందిన పాత ఫోల్డరును తీసివేయడమే అప్పుడు పరిష్కారంగా తోస్తుంది. అయితే భద్రప్రతి విషయంలో ‘పాతది’ అన్న మాటకు వయస్సు ఒక్కటే కొలత కాదు. ఏ ప్రతి మీద ఏ ప్రతి ఆధారపడి ఉందో తెలిసిన తరువాతనే ఏది పాతదో, ఏది పునాదో నిర్ణయించగలం.

ఆదేశపంక్తి, అంటే కమాండ్ లైన్, బొమ్మల మీద నొక్కడానికి బదులు అక్షరాలతో కంప్యూటరుకు ఆజ్ఞలిచ్చే సాధనం. దూరంగా ఉన్న సర్వర్లకు తరచుగా తెర ఉండదు గనుక వాటి నిర్వహణకు ఇదే దారి. పైగా ఇచ్చిన ఆదేశాన్ని యథాతథంగా నమోదు చేసుకోవచ్చు, మరొకరిచేత పరిశీలింపజేయవచ్చు, రోజూ ఒకే వేళకు తనంతట తాను నడిచేలా ఏర్పాటు చేయవచ్చు. ఇందుకు మారుగా వదులుకోవలసినది చెత్తబుట్ట. బొమ్మల తెరమీద చెరిపిన ఫైలు కొంతకాలం రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. ఆదేశపంక్తి నుండి చెరిపిన ఫైలుకు అటువంటి మజిలీ లేదు.

పరస్పర ఆధారాన్ని బట్టి భద్రప్రతులను వర్గీకరించవచ్చు. మొత్తం సమాచారాన్ని ఒకేసారి తీసినది పూర్ణప్రతి. క్రితం ప్రతి తరువాత మారినవాటిని మాత్రమే తీసినది వృద్ధిప్రతి. చివరి పూర్ణప్రతి తరువాత మారినవన్నీ తీసినది భేదప్రతి. ఆదివారం పూర్ణప్రతి తీసి, సోమవారం నుండి గురువారం వరకు రోజూ వృద్ధిప్రతులు తీశామనుకుందాం. గురువారం స్థితిని రాబట్టాలంటే అయిదు ప్రతులూ, అదే వరుసలో, కావాలి. వయస్సులో పెద్దదని ఆదివారం ప్రతిని తొలగిస్తే మిగిలిన నాలుగూ పునాది లేని గోడలవుతాయి. అవే భేదప్రతులైతే ఆదివారం ప్రతి, గురువారం ప్రతి చాలు. నడుమ మూడింటినీ నిశ్చింతగా తీసివేయవచ్చు. వృద్ధిప్రతుల గొలుసులో తొలగింపు ఎప్పుడూ గొలుసు మొత్తానికి వర్తించాలి: కొత్త పూర్ణప్రతి తయారై, దాని నుండి సమాచారం తిరిగి వస్తుందని తేలిన తరువాత, వెనుకటి పూర్ణప్రతినీ దాని వృద్ధిప్రతులన్నింటినీ ఒక్కసారిగా తీసివేయాలి.

నేటి వ్యవస్థల్లో అనేకం ఈ మూడు వర్గాలకు వెలుపల, ఉమ్మడి దత్తాంశం, అంటే ఉమ్మడి డేటా, అనే సూత్రం మీద నడుస్తున్నాయి. దానిని గ్రహించాలంటే తొలగింపు అనే క్రియ స్వభావాన్నే ముందుగా పరిశీలించాలి.

యునిక్స్ వంశానికి చెందిన లినక్స్, మ్యాక్‌ఓఎస్ వంటి వ్యవస్థలలో ఫైలు వేరు, ఫైలు పేరు వేరు. ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే ఒక చిన్న నమోదు ఉంటుంది. పరిమాణం, యజమాని, అనుమతులు, కాలముద్రలు, డిస్కు మీద దత్తాంశ ఖండాల చిరునామాలు అందులో ఉంటాయి. పేరు మాత్రం ఉండదు. పేర్లు ఫోల్డరులో ఉంటాయి. ఫోల్డరు అంటే నిజానికి ‘ఈ పేరు ఈ ఐనోడ్ సంఖ్యకు చెందుతుంది’ అని తెలిపే పట్టిక. ఒకే ఐనోడ్‌ను రెండు, పది, వంద పేర్లు సూచించవచ్చు. అటువంటి ప్రతి పేరునూ దృఢబంధం అంటాం. ఎన్ని పేర్లు సూచిస్తున్నాయో తెలిపే బంధసంఖ్య ఐనోడ్‌లోనే నమోదవుతుంది.

1971 నవంబరు 3వ తేదీ వేసుకుని వెలువడిన యునిక్స్ మొదటి కరదీపికలోనే ‘ఆర్‌ఎమ్’ అనే తొలగింపు ఆదేశం ఉంది. బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రూపొందించిన ఆ వ్యవస్థలో ఈ ఆదేశం కింద పనిచేసే మూలక్రియ పేరు ‘అన్‌లింక్’. అది చేసేది రెండే పనులు: పట్టికలోంచి పేరును తీసివేయడం, బంధసంఖ్యను ఒకటి తగ్గించడం. బంధసంఖ్య సున్నా అయి, ఆ ఫైలును తెరిచి ఉంచుకున్న ప్రోగ్రాము ఏదీ లేనప్పుడు మాత్రమే దత్తాంశ ఖండాలు ఖాళీ స్థలంలోకి చేరతాయి. యాభై ఏళ్లు దాటినా ఈ సూత్రం మారలేదు. తొలగించిన తరువాత స్థలం ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు జవాబు తరచుగా ఈ రెండు షరతుల్లో ఏదో ఒకదానిలో దొరుకుతుంది.

‘ఎల్‌ఎస్’ ఆదేశాన్ని ‘ఎల్’ అనే ఐచ్ఛికంతో ఇచ్చి చూడండి. ప్రతి వరుసలోనూ అనుమతులను తెలిపే అక్షరాలు ముగియగానే, యజమాని పేరుకు ముందు, ఒక అంకె కనిపిస్తుంది. తేదీనీ పరిమాణాన్నీ చూసే కళ్లు సాధారణంగా ఆ అంకెను దాటిపోతాయి. సాధారణ ఫైలుకు అక్కడ 1 ఉంటుంది. అది 30 అయితే, ఆ ఫైలుకు మరో ఇరవై తొమ్మిది పేర్లు అదే డిస్కు మీద ఎక్కడో ఉన్నాయని అర్థం.

అలా 30 కనిపించే సందర్భం భద్రప్రతుల్లో సర్వసాధారణం. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో వెలువరించిన ‘ఆర్‌సింక్’ సాధనానికి ‘లింక్-డెస్ట్’ అనే ఐచ్ఛికం ఉంది. ఈ రోజు ప్రతి తీసేటప్పుడు, నిన్నటి నుండి మారని ఫైలును అది మళ్లీ నకలు చేయదు. నిన్నటి ప్రతిలోని ఐనోడ్‌కే ఇంకొక పేరు పెడుతుంది. ముప్పై రోజులు గడిచేసరికి ముప్పై ఫోల్డరులు తయారవుతాయి. ప్రతి ఫోల్డరూ పూర్ణప్రతిలాగే కనిపిస్తుంది, అలాగే పనిచేస్తుంది. కాని పన్నెండు మెగాబైట్ల ఒక ఛాయాచిత్రం డిస్కు మీద ఒక్కసారే ఉంటుంది. వీటిలో ఏ ఫోల్డరునైనా, ఏ వరుసలోనైనా తొలగించవచ్చు. ఒకటి తొలగిస్తే ఆ ఛాయాచిత్రపు బంధసంఖ్య 29కి దిగుతుంది, ఒక్క బైటు కూడా ఖాళీ అవదు. ఖాళీ అయ్యేది ఆ ఫోల్డరుకు మాత్రమే పరిమితమైన దత్తాంశమే. వృద్ధిప్రతుల గొలుసులో ఉన్న అపాయం ఇక్కడ లేదు. నా దృష్టిలో ఇంటి కంప్యూటరుకు ఇంతకంటె సులభగ్రాహ్యమైన ఏర్పాటు లేదు.

స్థలాన్ని కొలిచే ఆదేశాల భాషను కూడా ఇక్కడే నేర్చుకోవాలి. ‘డీయు’ ఆదేశం ఒక్క పర్యాయంలో ఒక ఐనోడ్‌ను ఒక్కసారే లెక్కిస్తుంది. అందువల్ల ముప్పై ఫోల్డరులను విడివిడిగా కొలిస్తే ప్రతిదీ పూర్తి పరిమాణం చూపుతుంది. అన్నింటినీ ఒకే ఆదేశంలో ఇస్తే మొదటిది పూర్తిగా, తక్కినవి తమ ప్రత్యేక భాగం మేరకు మాత్రమే చూపుతాయి. తొలగిస్తే ఎంత దక్కుతుందో తెలిపేది ఈ రెండవ కొలతే, అదైనా సుమారుగానే. ‘డీఎఫ్’ ఆదేశం ఫైళ్లను లెక్కించదు, మొత్తం డిస్కులో మిగిలిన ఖండాలను చెబుతుంది. చెరిపిన ఫైలును ఏదైనా ప్రోగ్రాము ఇంకా తెరిచి ఉంచితే ‘డీయు’ తగ్గుతుంది, ‘డీఎఫ్’ కదలదు. ఆ ప్రోగ్రామును ఆపితే గాని స్థలం విడుదల కాదు.

ఆపిల్ సంస్థ 2007 అక్టోబరులో లెపర్డ్ అనే వ్యవస్థతో పాటు విడుదల చేసిన టైమ్ మెషీన్ ఈ దృఢబంధ సూత్రాన్నే ఒక మెట్టు పైకి తీసుకుపోయింది. సాధారణ యునిక్స్‌లో ఫైళ్లకే దృఢబంధాలు వేయగలం, ఫోల్డరులకు వేయలేం. ఆపిల్ తన ఫైలు వ్యవస్థలో ఫోల్డరులకు కూడా ఆ వీలు కల్పించింది. వేల ఫైళ్లున్న ఒక ఫోల్డరులో ఏదీ మారకపోతే ఆ ఫోల్డరు మొత్తానికి ఒకే బంధం సరిపోతుంది. కాని ఇందులోనే ఒక అపాయం పొంచి ఉంది. లోపలికి దిగి ఒక్కొక్క ఫైలునూ తొలగించుకుంటూ పోయే మామూలు ‘ఆర్‌ఎమ్’ ఆదేశాన్ని అటువంటి ఉమ్మడి ఫోల్డరు మీద నడిపితే, అది ఒక తేదీ ప్రతిని మాత్రమే కాక ఆ ఫోల్డరును పంచుకుంటున్న ప్రతి తేదీ ప్రతినీ ఖాళీ చేస్తుంది. ఈ కారణం చేతనే మ్యాక్ వ్యవస్థ అక్కడ ‘ఆర్‌ఎమ్’ను అనుమతించక అడ్డుకుంటుంది. ఆ అడ్డును తొలగించే ఉపాయాల కోసం వెతకడం తప్పు. అది రక్షణ కోసమే ఉంది.

సరైన సాధనం 2011 నుండి మ్యాక్‌తో పాటే వస్తున్న ‘టీఎమ్‌యుటిల్’. దానికి ‘లిస్ట్‌బ్యాకప్స్’ అనే ఉపాదేశం ఇస్తే ఉన్న ప్రతులన్నీ సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను వరుసలో కనిపిస్తాయి. పాత పద్ధతి డిస్కుల మీద ఒక ప్రతికి మాత్రమే చెందిన పరిమాణాన్ని ‘యునీక్‌సైజ్’ అనే ఉపాదేశం లెక్కించి చెబుతుంది. తొలగించడానికి ‘డిలీట్’ ఉపాదేశం ఉంది. పాత డిస్కులైతే దానికి ప్రతి ఉన్న మార్గాన్నీ, 2020 నాటి బిగ్ సర్ తరువాత కొత్త ఫైలు వ్యవస్థలో తయారైన డిస్కులైతే డిస్కు తగిలించిన మార్గాన్నీ కాలముద్రనూ వేర్వేరుగా ఇవ్వాలి. నిర్వాహక హక్కు ఉండాలి గనుక ముందు ‘సుడో’ చేర్చాలి. మ్యాక్ లోపలి డిస్కు మీద తాత్కాలికంగా నిలిచే స్థానిక స్నాప్‌షాట్‌లు వేరు. వాటిని చూడడానికీ తొలగించడానికీ ‘లిస్ట్‌లోకల్‌స్నాప్‌షాట్స్’, ‘డిలీట్‌లోకల్‌స్నాప్‌షాట్స్’ అనే ప్రత్యేక ఉపాదేశాలు ఉన్నాయి. వాటిని తీసినంత మాత్రాన బయటి డిస్కులోని భద్రప్రతులకు ఏమీ కాదు. వినియోగదారులు తరచుగా తికమకపడేది ఈ రెండింటి మధ్యనే.

ఫైలు వ్యవస్థ తానే ఒక క్షణం నాటి స్థితిని ఘనీభవింపజేసి దాచినప్పుడు దానిని స్నాప్‌షాట్ అంటారు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో రూపొందిన జడ్‌ఎఫ్‌ఎస్‌ దీనికి ఉత్తమ ఉదాహరణ. అదే డిస్కు మీద ఉన్నంతకాలం స్నాప్‌షాట్ మన మొదటి నిర్వచనం ప్రకారం భద్రప్రతి కాదు గాని, దాని తొలగింపుకూ ఉమ్మడి దత్తాంశ సూత్రమే వర్తిస్తుంది. ఈ పద్ధతిలో ఉన్న ఖండాన్ని ఎన్నడూ చెరిపి రాయరు. మార్పును కొత్త ఖండంలో రాసి, పాతదానిని సూచించేవి ఏవీ లేనప్పుడు మాత్రమే విడుదల చేస్తారు. ప్రతి స్నాప్‌షాట్‌కూ ఎదురుగా ‘వాడిన స్థలం’ అని ఒక సంఖ్య కనిపిస్తుంది. అది ఆ స్నాప్‌షాట్ ఒక్కటే పట్టి ఉంచిన స్థలం. వరుసగా ఉన్న రెండు స్నాప్‌షాట్‌లు కలిసి పట్టి ఉంచిన ఖండాలు రెండింటి లెక్కలోనూ రావు. కాబట్టి పది స్నాప్‌షాట్‌ల సంఖ్యలన్నీ కూడినా చాలా తక్కువ మొత్తమే వచ్చి, వాటిని కలిపి తొలగించినప్పుడు మాత్రం దానికి ఎన్నో రెట్ల స్థలం విడుదల కావచ్చు. ఇది లెక్క తప్పడం కాదు, ఉమ్మడి ఆస్తికి సహజమైన గణితం. జడ్‌ఎఫ్‌ఎస్‌లోని ‘డిస్ట్రాయ్’ ఉపాదేశానికి ‘ఎన్’, ‘వీ’ ఐచ్ఛికాలు జోడిస్తే ఏమీ తొలగించకుండానే ఎంత స్థలం దక్కుతుందో చెబుతుంది. అసలు ఆదేశానికి ముందు ఈ నమూనా ప్రయోగం తప్పనిసరి అని భావించాలి.

రెస్టిక్, బోర్గ్ వంటి సాధనాలు ఫైళ్లను ముక్కలుగా విడగొట్టి, ఒకేలా ఉన్న ముక్కను ఒక్కసారే దాస్తాయి. వీటిలో తొలగింపు రెండు దశల క్రియ: మొదట ప్రతి పేరును జాబితా నుండి తీసివేయడం, తరువాత ఏ ప్రతికీ చెందకుండా మిగిలిన ముక్కలను ఏరివేయడం. రెస్టిక్‌లో మొదటిది ‘ఫర్గెట్’, రెండవది ‘ప్రూన్’. మొదటిది మాత్రమే నడిపి స్థలం పెరగలేదని విస్తుపోయేవారు రెండవ దశను మరిచారన్నమాట.

ఇక ఆచరణలో అత్యంత ప్రచారంలో ఉన్నదీ, అత్యంత ప్రమాదకరమైనదీ అయిన పద్ధతిని పరిశీలిద్దాం. ‘ఫైండ్’ ఆదేశానికి ‘ఎమ్‌టైమ్’ అనే నిబంధన పెట్టి, దాని పక్కన ప్లస్ గుర్తుతో 30 అని రాసి, చివర ‘డిలీట్’ అని చేరిస్తే ముప్పై రోజులు దాటిన ఫైళ్లన్నీ పోతాయని చెబుతారు. ఇక్కడ మూడు సూక్ష్మాలున్నాయి. ‘ఫైండ్’ వయస్సును ఇరవై నాలుగు గంటల పూర్ణాంకాలుగా లెక్కించి మిగిలిన భాగాన్ని వదిలేస్తుంది; అందువల్ల ప్లస్ 30 అంటే కనీసం ముప్పై ఒక్క పూర్తి దినాలు నిండినవి. రెండవది, ‘ఫైండ్’ తనకిచ్చిన నిబంధనలను ఎడమ నుండి కుడికి వరుసగా పరిశీలిస్తుంది. ‘డిలీట్’ను వయస్సు నిబంధనకు ముందు రాస్తే వయస్సు చూడకుండానే మొత్తం తొలగిస్తుంది. అక్షరం తప్పు లేకపోయినా, వరుస తప్పితే చాలు.

మూడవ సూక్ష్మం వీటికంటె లోతైనది. ‘ఎమ్‌టైమ్’ చెప్పేది ఫైలులోని విషయం చివరిసారి మారిన కాలాన్ని. భద్రప్రతి తీసిన కాలాన్ని కాదు. భద్రప్రతి సాధనాలు మూలంలోని కాలముద్రను అలాగే నిలుపుతాయి. అయిదేళ్ల కింద తీసిన ఛాయాచిత్రం నిన్నటి భద్రప్రతిలో కూడా అయిదేళ్ల వయస్సుతోనే ఉంటుంది. దృఢబంధాలతో నిర్మించిన ఫోల్డరుల సమూహం మీద పై ఆదేశాన్ని నడిపితే, అది పాత ప్రతులను తొలగించదు. ప్రతి తేదీ ప్రతిలోంచీ, నిన్నటి దానిలోంచి కూడా, నెల రోజులుగా మారని ఫైళ్లన్నింటినీ తొలగిస్తుంది. మన దగ్గర ఉన్నవాటిలో అధికభాగం మారనివే: కుటుంబ చిత్రాలు, ఆస్తి పత్రాల స్కానులు, ముగిసిన లెక్కలు. ఫోల్డరుల వయస్సును మాత్రమే చూసినా చిక్కు తీరదు. ‘ఆర్‌సింక్’ గమ్య ఫోల్డరుకు కూడా మూల ఫోల్డరు తేదీనే పెట్టవచ్చు. ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క మూటగా కట్టిన ‘టార్’ ఫైళ్ల విషయంలో మాత్రమే ‘ఎమ్‌టైమ్’ నమ్మదగినది, అది కూడా వాటిని ఆ తరువాత ఎక్కడికీ కాలముద్ర మారేలా నకలు చేయనప్పుడు.

కనుక వయస్సును ఫైలు వ్యవస్థను అడగడం కంటె, పేరులోనే నిలపడం మేలు. మనం తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో రాయడానికి అలవాటుపడ్డాం. ఆ వరుసలో పేర్లు పెడితే కంప్యూటరు వాటిని అకారాదిగా అమర్చినప్పుడు వివిధ నెలల ఒకటో తేదీలన్నీ ఒక చోట చేరతాయి. సంవత్సరం, నెల, రోజు వరుసలో, నెలకూ రోజుకూ రెండేసి అంకెలు ఉండేలా రాస్తే అక్షరక్రమమే కాలక్రమం అవుతుంది. అప్పుడు పేర్ల జాబితాను క్రమబద్ధం చేసి, ‘హెడ్’ ఆదేశంతో చివరి ఏడింటిని మినహాయించి మిగిలినవాటిని తెర మీద చూసుకుని, సరిగ్గా ఉన్నవని తేలాకనే తొలగించవచ్చు. ఈ పద్ధతికి ఇంకొక గొప్ప గుణం ఉంది. ఏదో లోపం వల్ల రెండు నెలలుగా కొత్త ప్రతులు తయారవడం లేదనుకోండి. ‘ముప్పై రోజులు దాటినవి తొలగించు’ అనే నియమం ఉన్న ప్రతులన్నింటినీ మౌనంగా ఊడ్చివేస్తుంది. ‘చివరి ఏడింటిని ఉంచు’ అనే నియమం ఎంత కాలమైనా ఆ ఏడింటినీ ముట్టదు. వయోనియమాన్ని ఒంటరిగా ఎన్నడూ వాడకూడదని నా దృఢాభిప్రాయం.

ఆదేశం సరైనదైనా అది నడిచే స్థలం తప్పు కావచ్చు. 2015 జనవరిలో లినక్స్ మీద నడిచే స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాములోని ఒక స్క్రిప్టు, ఫోల్డరు మార్గాన్ని ఒక చరరాశిలో ఉంచి ‘ఆర్‌ఎమ్’కు అందించేది. కొన్ని పరిస్థితుల్లో ఆ చరరాశి శూన్యమై, మార్గం స్థానంలో వ్యవస్థ మూలానికి గుర్తైన వాలుగీత ఒక్కటే మిగిలింది. అనుమతి ఉన్న ఫైళ్లన్నీ, తగిలించి ఉన్న బయటి డిస్కులోనివి కూడా, పోయాయని వినియోగదారులు తెలిపారు. శూన్యమైన చరరాశిని దోషంగా పరిగణించి ఆగిపొమ్మని, ఆదేశాలను చదివి నడిపే షెల్‌ను ముందే కోరవచ్చు. చరరాశిని వాడే చోట, కర్లీ బ్రాకెట్లలో దాని పేరు వెంటనే కోలన్, ప్రశ్నార్థక చిహ్నం చేర్చడమే అందుకు మార్గం. అలాగే ఫోల్డరు పేరులో ఖాళీ ఉంటే షెల్ దానిని రెండు పేర్లుగా విడదీస్తుంది గనుక మార్గాలను ఎల్లప్పుడూ ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచాలి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగినది మరింత బోధకం. రెండవ దత్తాంశ సర్వర్ మీద ఉన్నాననుకున్న ఒక ఇంజనీరు, నిజానికి ప్రధాన సర్వర్ మీద ఉండి, దత్తాంశ ఫోల్డరును తొలగించే ఆదేశం ఇచ్చాడు. గ్రహించి ఆపేలోగా సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లే మిగిలాయి. అప్పుడు తెలిసినది, దత్తాంశాన్ని రోజూ మూటగట్టవలసిన పని ప్రోగ్రాము వెర్షన్ల తేడా వల్ల విఫలమవుతూ వస్తోందని, ఆ వైఫల్యాన్ని తెలిపే ఈ-మెయిళ్లు కూడా తిరస్కృతమవుతున్నాయని. అంతకు సుమారు ఆరు గంటల ముందు వేరే అవసరానికి చేతితో తీసిన ఒక స్నాప్‌షాట్ వారిని కాపాడింది. ఆ ఆరు గంటల మార్పులు మాత్రం తిరిగి రాలేదు. ఈ వివరాలన్నింటినీ ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించడం ప్రశంసించదగిన విషయం. ఆదేశం ఇచ్చే ముందు ‘హోస్ట్‌నేమ్’, ‘పీడబ్ల్యుడీ’ అనే రెండు చిన్న ఆదేశాలతో ఏ యంత్రంలో, ఏ ఫోల్డరులో ఉన్నామో చూసుకోవడానికి రెండు క్షణాలు చాలు.

విండోస్‌లో తొలగింపు సాధనాలు వేరు. షాడో కాపీలనే నీడప్రతులకు ‘వీఎస్‌ఎస్‌అడ్మిన్’, సర్వర్ భద్రప్రతులకు ‘డబ్ల్యుబిఅడ్మిన్’ ఉన్నాయి. రెండవదానిలో ‘కీప్‌వెర్షన్స్’ అనే ఐచ్ఛికంతో ఎన్ని ప్రతులు నిలపాలో చెప్పవచ్చు. మొదటిదానిలో ‘ఓల్డెస్ట్’ అంటే అన్నింటికంటె పాత నీడప్రతి మాత్రమే పోతుంది. అదే ఆదేశానికి ‘ఆల్’, ‘క్వయెట్’ అని జోడిస్తే ఏ ప్రశ్నా అడగకుండా అన్నీ పోతాయి. 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటిని కూడా తాకిన వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము సరిగ్గా ఈ రూపంలోనే ఆ ఆదేశాన్ని నడిపేది. ఫైళ్లను తాళం వేసి, తిరిగి రాబట్టుకునే దారిని మూసేది. తొలగించే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న దీని నుండి పుడుతుంది. రోజూ పనిచేసే యంత్రానికి భద్రప్రతులను చేర్చే హక్కు మాత్రమే ఉండాలి. తొలగించే హక్కు వేరే ఖాతాకు, వీలైతే వేరే యంత్రానికి ఉండాలి.

ఎంతకాలం నిలపాలన్నది సాంకేతిక విషయం మాత్రమే కాదు. దినప్రతులు ఏడు, వారప్రతులు నాలుగు, మాసప్రతులు పన్నెండు చొప్పున నిలిపే విధానం తాత, తండ్రి, కొడుకు పద్ధతిగా చిరకాలంగా వాడుకలో ఉంది. దగ్గరి గతంలో దట్టంగా, దూరపు గతంలో పలుచగా జ్ఞాపకాన్ని నిలపడం దీని లక్షణం. దీని మీద చట్టం విధించే హద్దులుంటాయి. మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. భారత ప్రభుత్వ కంప్యూటరు భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు కంప్యూటరు లాగ్‌లను 180 రోజులు ఉంచాలంటాయి. మరొక వైపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం, ప్రయోజనం తీరిన వ్యక్తిగత వివరాలను, వేరే చట్టం నిలపమంటే తప్ప, తొలగించమంటుంది. అందువల్ల ఒకే భద్రప్రతిలో లెక్కలనూ వ్యక్తుల వివరాలనూ కలగలిపి ఉంచిన కార్యాలయానికి తొలగింపు కష్టసాధ్యమవుతుంది. విడివిడిగా తీయడం మొదటి రోజు నుండే అవసరం.

తొలగించినది నిజంగా నశించిందా అన్నది వేరే ప్రశ్న. అయస్కాంత డిస్కులో పేరు పోయినా దత్తాంశం మరొకటి దాని మీద రాసేదాకా అక్కడే ఉంటుంది. ఘనస్థితి డిస్కులో, అంటే ఎస్‌ఎస్‌డీలో, ‘ట్రిమ్’ అనే సూచన అందిన తరువాత డిస్కు తన వీలును బట్టి దానిని చెరుపుతుంది. పైనుండి రాసి చెరపాలనుకుంటే రాత మరో ఖండంలో పడవచ్చు. ‘ష్రెడ్’ వంటి ఆదేశాలు స్నాప్‌షాట్‌లున్న వ్యవస్థల మీద ఆశించిన ఫలితం ఇవ్వవు. మొదటి నుండి భద్రప్రతిని గూఢలిపిలో ఉంచి, చివరికి దాని తాళంచెవిని నాశనం చేయడమే నేడు మనకున్న నమ్మదగిన మార్గం.

తొలగింపు ముగిశాక ‘డీఎఫ్’తో స్థలాన్నీ, జాబితా ఆదేశంతో మిగిలిన ప్రతులనూ చూసుకోవడం సగం పరిశీలన మాత్రమే. రెండవ సగం తొలగింపుకు ముందే జరగాలి. మీ భద్రప్రతులలో అన్నింటికంటె కొత్తదాని నుండి ఒక ఛాయాచిత్రాన్నో, ఒక లెక్కల ఫైలునో వేరే ఫోల్డరులోకి తెచ్చి తెరిచి చూడండి. అది తెరుచుకునే వరకు పాతవాటిలో ఒక్కదానిని కూడా తొలగించవద్దు.